‘నిటారుగా కూర్చో’ అంటే వెన్ను వినదు!

‘‘నిటారుగా కూర్చోరా!’’ మీ ఇంట్లో ఈ మాట రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తోంది? నాలుగేళ్ల బుడ్డోడు సోఫాలో రొయ్యలా వంగిపోయి ఫోన్ చూస్తుంటే ఎవరికైనా అనాలనిపిస్తుంది. అనగానే ఓ పది సెకన్లు నిటారవుతాడు. తర్వాత మళ్లీ రొయ్యే!

అది వాడి మొండితనం కాదు. వెన్నును నిలబెట్టేది మన అరుపు కాదు, కండరాలు. పొట్ట, నడుము, తుంటి దగ్గరి కండరాలు గట్టిపడాలంటే పిల్లలు పాకాలి, ఎక్కాలి, దూకాలి, పరిగెత్తాలి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు వేలు పోసి కుర్చీలు కొంటారు. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే ఆ కుర్చీ మాత్రం ఏం కాపాడుతుంది? పిల్లలకీ అదే లెక్క.

మరి ఎంత ఆడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది. మూడు, నాలుగేళ్ల పిల్లలకి రోజుకి కనీసం 180 నిమిషాల కదలిక కావాలి. అందులో 60 నిమిషాలు ఒగర్చేంత ఆట ఉండాలి. కూర్చుని స్క్రీన్ చూసేది గంట దాటకూడదు. 180 అనగానే కంగారు పడకండి, అంతా ఒకేసారి కాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు... ముక్కలు ముక్కలుగా చాలు.

‘ఆడించడానికి చోటేదండీ?’ అంటారా? నిజమే. అపార్ట్‌మెంట్లో కిందకి దిగితే అన్నీ బళ్లే. కొల్లేరు ఊళ్లలోనైతే నాలుగడుగులేస్తే చేపల చెరువు. పసివాణ్ణి ఒంటరిగా వదల్లేక అమ్మ ఫోన్ చేతికిస్తుంది. ఆమె భయంలో తప్పులేదు. అందుకే గట్టు మీదకి వెళ్లకుండా ఇంట్లోనే ఆడే మూడు ఆటలు.

తివాచీ ఆట: ఏలూరు తివాచీలకు పేరు కదా! తివాచీ లేకపోతే చాప, బొంత ఏదైనా పరవండి. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లాలి, ఎలుగుబంటిలా నాలుగు కాళ్ల మీద నడవాలి. భుజాలకి, పొట్టకి మంచి పని.

ఉల్లిపాయల ఆట: తాడేపల్లిగూడెం మార్కెట్ గుర్తు చేసుకోండి. గది ఈ మూల బుట్టలో పది ఉల్లిపాయలు, ఆ మూల ఖాళీ బుట్ట. గొంతుక్కూర్చుని ఒక్కోటి తీసుకుని, పరిగెత్తి వేసి రావాలి. తొడలకి, నడుముకి బలం.

కొంగాట: ఆటపాక పక్షుల్లా ఒంటికాలి మీద నిలబడటం. నాలుగేళ్లవాడు రెండు సెకన్లు నిలిచినా చప్పట్లు కొట్టండి!

ఇంకో మాట. ఈ వయసులో పొట్ట కాస్త ముందుకి రావడం, పాదాలు చదునుగా ఉండటం చాలామందిలో మామూలే. దానికే బెల్టులు, ప్రత్యేకం బూట్లు కొనెయ్యకండి. కానీ ఒక భుజం ఎత్తుగా కనిపించినా, కుంటుతున్నా, వెన్ను నొప్పి అంటున్నా ఆటలతో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించండి.

బడి సంచీ సంగతి కూడా. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి అసలు సంచీయే ఉండకూడదు. మీ బడి మోయిస్తుంటే అడగండి.

ఈ సాయంత్రం ‘నిటారుగా కూర్చో’ అనే బదులు ‘లే, కొంగాట ఆడదాం’ అనండి. కాకపోతే ఓ షరతు... మీ ఫోన్ కూడా పక్కన పెట్టాలి!