వాయిదాల శిక్ష

"వ్రాసింది నిజమైతే దావాకు భయపడడమెందుకు?" అని వొక వుపాధ్యాయ మిత్రుడు నన్ను నిలదీశారు. ఆయన యింతవరకు కోర్టు గుమ్మం తొక్కలేదు. ఓడినవాడు కోర్టులో యేడిస్తే గెలిచినవాడు యింటికి పోయి యేడ్చాడన్న సామెత పుట్టించిన రైతుకున్నపాటి న్యాయశాస్త్ర జ్ఞానం మన మేధావులకు లేకపోవడం విచారకరం.

లండన్‌లో పంచిన వొక కరపత్రం మీద మెక్‌డొనాల్డ్స్ కంపెనీ 1990లో అయిదుగురిపై పరువునష్టం దావా వేసింది. ముగ్గురు క్షమాపణ చెప్పి బయటపడ్డారు. వాళ్ళను నేను తప్పుపట్టను. దావా యెందుకు వేశారో ఆ ముగ్గురిని చూస్తేనే తెలుస్తుంది. మిగిలిన హెలెన్ స్టీల్, డేవిడ్ మోరిస్ నిలబడ్డారు. ప్రభుత్వ న్యాయసహాయం దొరకలేదు. చాలావరకు తమ వాదన తామే వినిపించుకున్నారు. 1994లో మొదలైన విచారణ 313 రోజులు సాగింది; తీర్పు 1997లో వచ్చింది. కరపత్రంలోని కొన్ని ఆరోపణలు నిజమేనని న్యాయమూర్తే తేల్చారు. అయినా మిగిలినవాటికి పరిహారం కట్టమన్నారు. ఆ విచారణ న్యాయంగా జరగలేదని యూరపు మానవహక్కుల న్యాయస్థానం చెప్పింది. యెప్పుడు? 2005లో!

కాలిఫోర్నియా 1992లో చేసిన శాసనం యీ మర్మం గ్రహించింది. ప్రజల విషయం మాట్లాడినందుకు దావా పడితే, మొదట్లోనే కొట్టివేయమని ప్రతివాది కోరవచ్చు. గెలిచే అవకాశం వున్నదని వాదియే సాక్ష్యంతో చూపాలి. చూపలేకపోతే దావా పోతుంది. ప్రతివాది ప్లీడరు ఫీజు కూడా వాదే కట్టాలి.

అయితే డాలు అందరి చేతికీ అందుతుంది. వినియోగదారుల దావాలను కొట్టించుకోవడానికి కంపెనీలే దాన్ని అడ్డం పెట్టుకోగా 2003లో శాసనసభ సవరణ చేయవలసివచ్చింది. అందువల్ల శాసనమే వద్దనేవారి తర్కం నాకు బోధపడదు. దొంగ కూడా తన యింటికి తాళం వేసుకుంటాడని మనం తలుపులు తీసి పడుకుంటామా?

మన దేశంలో అటువంటి శాసనం లేదు. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ సంస్థల వివాదంలో సుప్రీంకోర్టు యిటువంటి దావాలను ప్రస్తావించి, పూర్తి విచారణ లేకుండా వ్యాసం ఆపించే వుత్తరువులు అరుదుగా తప్ప యివ్వరాదన్నది. మంచిదే. కాని వుత్తరువు ఆగితే దావా ఆగదు. వాయిదాలు, ఫీజులు, రైలు చార్జీలు వుండనే వుంటాయి. పైగా మన దగ్గర పరువునష్టం క్రిమినల్ నేరం కూడా; రెండేళ్ళ దాకా జైలు వేయవచ్చు.

కనుక నేను కోరేది యిది: వాది తొలి దశలోనే సాక్ష్యం చూపాలి, చూపలేనివాడు ఖర్చు భరించాలి, కంపెనీల సరుకు ప్రకటనలకు యీ రక్షణ దక్కరాదు. క్రిమినల్ కేసులను కూడా వదలరాదు. ముసాయిదా వ్రాయడానికి మన న్యాయకళాశాలల విద్యార్థులు చాలు.