ఆ వయొలిన్లు ఎవరివి?

ఏదైనా లైబ్రరీ వాడేముందు దాని లైసెన్సు చదవండి, దాని లోపల ఉన్న ఇంకో లైబ్రరీ లైసెన్సు కూడా చదవండి అంటే మన ఆఫీసుల్లో చాలామంది ఆవులిస్తారు. అలాంటివాళ్ళకి నేను 'బిట్టర్ స్వీట్ సింఫనీ' కథ చెప్తుంటాను.

1997 జూన్ లో 'ద వర్వ్' అనే ఇంగ్లీషు బ్యాండు విడుదల చేసిన పాట ఇది. వీడియో చూసే ఉంటారు. ఆ బ్యాండు గాయకుడు రిచర్డ్ యాష్‌క్రాఫ్ట్ లండన్ వీధిలో ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ గుద్దుకుంటూ, వెనక్కి కూడా చూడకుండా నడిచిపోతుంటాడు. పాటంతా తిరిగే ఆ వయొలిన్ల వరసే దాని ప్రాణం. గొడవంతా దానిదే!

ఆ వరస పాత రికార్డులోంచి తీసుకున్న ముక్క. రోలింగ్ స్టోన్స్ 1965లో 'ద లాస్ట్ టైమ్' అనే పాట చేశారు. దాన్నే వాళ్ళ మేనేజరు ఆండ్రూ ఓల్డమ్ పేరు మీదున్న ఆర్కెస్ట్రా వాద్యాలతో మళ్ళీ రికార్డు చేసింది. వర్వ్ వాళ్ళు దొంగతనంగా ఏమీ తీసుకోలేదు, రికార్డు కంపెనీ డెక్కా దగ్గర అనుమతి తీసుకున్నారు. కానీ రికార్డింగు మీద హక్కు వేరు, అందులోని స్వరరచన మీద హక్కు వేరు. మన భాషలో చెప్పాలంటే బైనరీకి అనుమతి దొరికింది, సోర్సుకి దొరకలేదన్నమాట. ఆ రెండోది అలెన్ క్లెయిన్ అనే గడుసు వ్యాపారి కంపెనీ 'ఆబ్కో' చేతిలో ఉంది. మీరు ఒప్పుకున్నదానికంటే ఎక్కువ వాడారు అని ఆయన అడ్డం తిరిగాడు. పాట ఆగిపోకుండా ఉండాలంటే రాజీ పడక తప్పలేదు. రాబడి ఆబ్కోకి వెళ్ళింది, రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లు చేరాయి. సాహిత్యం మొత్తం రాసిన యాష్‌క్రాఫ్ట్ కి 1000 డాలర్లు దక్కాయని చెప్తారు. బ్రిటన్ లో రెండో స్థానం దాకా వెళ్ళిన పాట మరి!

పాట మాత్రం ఎక్కడా ఆగలేదు. 1999లో 'క్రూయల్ ఇంటెన్షన్స్' సినిమా దీంతోనే ముగిసింది. 2005 లైవ్ 8 లో కోల్డ్‌ప్లే వాళ్ళు యాష్‌క్రాఫ్ట్ ని స్టేజి మీదికి పిలిచి పాడించారు. శాంప్లింగ్ హక్కుల మాట వస్తే ఇప్పటికీ ముందు గుర్తొచ్చే ఉదాహరణల్లో ఇదొకటి.

2019లో జాగర్, రిచర్డ్స్ తమ వాటా యాష్‌క్రాఫ్ట్ కి ఇచ్చేశారు. పెద్దమనసు, కాదనను. అందరూ న్యాయం జరిగిందని సంబరపడ్డారు. నాకు మాత్రం సగమే జరిగిందనిపిస్తుంది. స్టోన్స్ పాట విని చూడండి, అందులో ఆ వయొలిన్ల వరస వినబడదు. దాన్ని అల్లింది ఓల్డమ్ ఆర్కెస్ట్రాకి వాద్యరచన చేసిన డేవిడ్ విటేకర్. పైగా స్టోన్స్ పాట పల్లవికే మూలం స్టేపుల్ సింగర్స్ పాడిన ఒక పాత చర్చి పాట! అక్కణ్ణుంచి తీసుకున్నవాళ్ళు రచయితలయ్యారు. వాళ్ళ పాట మీద కొత్తగా వరస కట్టినవాడు జీతగాడిగా మిగిలిపోయాడు. మన దగ్గర కాంట్రాక్టు మీద వచ్చి అసలు మాడ్యూలు రాసి, రిలీజు మెయిల్ లో పేరు లేకుండా వెళ్ళిపోయే మనిషిలాగా.

ఇరవై రెండేళ్ళు యాష్‌క్రాఫ్ట్ కి అన్యాయం జరిగిందని ఎంతోమంది రాశారు. విటేకర్ గురించి రాసినవాళ్ళు తక్కువ. ఆయన 2012లోనే పోయాడు. 2019లో రాసిన కాగితాల్లో కూడా రచయితగా ఆయన పేరు లేదు.