అమ్మబోతే అడవి

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్న మాట పెద్దలు ధాన్యం గురించో పశువుల గురించో చెప్పి ఉంటారు. ఈ రోజుల్లో దాని చేదు బాగా తెలిసినవారు ఇంకొందరున్నారు. మామగారి ట్రంకుపెట్టె తెరిచి, అడుగున క్రికెట్ కాగితాల కట్ట చూసి, “వీటికి డబ్బిస్తారటండీ!” అని ఆశపడిన కోడళ్ళు.

నవ్వకండి. మన విజయనగరం, శ్రీకాకుళం ఇళ్ళలో అటువంటి పెట్టెలు ఉన్నాయంటే కారణం ఉంది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ ఎవరు? లోకమంతా ‘విజ్జీ’ అని పిలిచిన మన విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజుగారు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులాడి ఆయన చేసిన పరుగులు మొత్తం 33. రెండు ఓడాం, ఒకటి డ్రా. అయినా పర్యటన సాగుతూండగానే ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది, అది వేరే సంగతి. అంతకు నాలుగేళ్ళ ముందు, 1932లో, లార్డ్సులో మన మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడుగారు నాగపూరులో పుట్టినా తెలుగింటి బిడ్డే. 1953–54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీల్లో అడుగుపెట్టినప్పుడు కెప్టెన్‌గా నిలిచింది కూడా ఆయనే. ఇక వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఆపైన సర్కసు పెట్టి, గుండెల మీదికి ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తినాయుడుగారి మాట చెప్పనే అక్కర్లేదు. ఇటువంటివారు తిరిగిన నేల మీద ఒక ఫోటో, ఒక సంతకం, ఒక సర్కసు కరపత్రం ఏ అటక మీదనో మిగిలి ఉండడంలో వింతేముంది?

చిక్కల్లా వాటిని అమ్మబోయినప్పుడే.

విజయనగరంలో గంటస్తంభానికి నాలుగు వీధుల అవతల ఒక ఇల్లాలున్నది. భర్త పోయి మూడేళ్ళు. అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టవలసిన రోజులు. మామగారి పెట్టెలో పాత క్రీడా పత్రికలూ, రేడియో వింటూ రాసుకున్న స్కోర్ల నోటుపుస్తకాలూ, కొన్ని ఫోటోలూ, ఒక పాత కవరూ ఉన్నాయి. ఎవరో చెప్పగా పొరుగూరినుంచి ఒక సేకరణకర్త వచ్చాడు. మంచి మాటకారి. కాఫీ తాగుతూ పెట్టెంతా తిరగేశాడు. పెదవి విరిచాడు.

“ఇవి ఇప్పుడెవరు చూస్తారండీ పిన్నిగారూ? అంచులకు చెద పట్టింది. ఇంత దూరం వచ్చాను గనుక, మీ మీద గౌరవంకొద్దీ, పెట్టెతో సహా మూడు వేలు.”

ఆవిడ క్రికెట్ ఎరగదు. కాని పొందూరు ఖద్దరు దగ్గర నుంచి పలాస జీడిపప్పు దాకా బేరమాడి సంసారం చేసిన మనిషి. అతగాడు ఆ కవరును మూడుసార్లు తీసి, మూడుసార్లూ ఏమీ అనకుండా లోపల పెట్టడం చూసింది.

“అలాగే బాబూ. మామయ్యగారి గుర్తుగా ఈ కవరొక్కటీ ఉంచుకుంటాను. మిగతాదంతా ఆ మూడు వేలకే పట్టుకుపో.”

కాఫీ గ్లాసు కిందికి దిగింది. “కవరు లేకపోతే... అయిదువందలు చేస్తుందండీ” అన్నాడు.

చూశారా? పైసా ఖర్చు లేకుండా ఆ కవరు ధర అతని నోటితోనే రెండున్నర వేలని తేలింది. అది కూడా అతను మొదట చెప్పిన ధరలో! మొదట చెప్పిన ధర బేరానికి గుమ్మమే గాని నట్టిల్లు కాదు గదా. ఆవిడ ఆ రోజు అమ్మలేదు. మరో ఇద్దరికి చూపించింది. చివరికి ఎంతకు తెగిందో రాయవద్దని మాట తీసుకుంది గనుక రాయను. ఫీజు కట్టగా ఇంకా కొంత మిగిలిందని మాత్రం చెప్పవచ్చు.

ఆ కవరులో ఉన్నది 1936 జట్టువారి సంతకాల కాగితం. అందులో లాలా అమర్‌నాథ్ సంతకం కూడా ఉన్నది. ఆ పర్యటనలో విజ్జీగారికీ ఆయనకూ పడక, మొదటి టెస్టు కాకముందే ఆయనను ఇంటికి పంపేశారు. అంచేత ఆయన పేరున్న కాగితమంటే పర్యటన మొదట్లో చేసిన సంతకాలన్నమాట. తెలిసినవాడి కన్ను ముందుగా అక్కడే వాలుతుంది.

మన అలమండ సంతలోనో మానాపురం సంతలోనో ఎడ్లను కొనేవాడు కూడా తక్కువే అడుగుతాడు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి, పక్కవాడికి తెలియకుండా ధర చెప్పుకునే పాత పద్ధతి పశువుల బేరగాళ్ళది. అయినా అక్కడ ఎద్దు అందరి కళ్ళ ముందూ నిలబడి ఉంటుంది. పళ్ళు లెక్కపెట్టవచ్చు, నడిపించి చూడవచ్చు. అమ్మేవాడికి ఎంత తెలుసో కొనేవాడికీ ఇంచుమించు అంతే తెలుసు. పాత సంతకాల బేరంలో తెలివంతా ఒక పక్కనే ఉంటుంది, అవసరమంతా రెండో పక్కన ఉంటుంది. పైగా మనకు మొహమాటం. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడమా అని!

అలాగని తక్కువ అడిగినవాడల్లా దొంగ అనకూడదు సుమండీ. కొన్న సరుకు వాడి బీరువాలో ఏళ్ళ తరబడి పడుండవచ్చు. వేలానికి పెడితే వేలం కంపెనీవారు అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా రుసుము పుచ్చుకుంటారు. నకిలీ సరుకని తేలితే నష్టం వాడిదే. ఇవన్నీ తీసేసి సగం ధర చెపితే అది వ్యాపారం. అంతా తెలిసి “చెత్త” అనడం మాత్రం వ్యాపారం కాదు, దానికి వేరే పేరుంది.

అమ్మేవారి వెర్రి కూడా తక్కువేమీ కాదు. 2020 జనవరిలో షేన్ వార్న్ టోపీ పది లక్షల ఏడు వేల అయిదువందల ఆస్ట్రేలియా డాలర్లకు పోయింది. ఆ వార్త చదివినవాడెల్లా తన దగ్గరున్న మాసిన టోపీకి లక్షలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వేలం అక్కడి కార్చిచ్చుల బాధితుల సహాయానికి జరిగింది. కొన్నవారు టోపీకెంత ఇచ్చారో, దానానికెంత ఇచ్చారో విడదీయలేం. దాన్ని చూపించి మన ధర కట్టుకోవడం, దేవుడి గుడి హుండీని చూసి కిరాణాకొట్టు లాభం లెక్కవేయడం వంటిది.

మరొకటి. మనకు ప్రియమైనదల్లా బజారులో ప్రియం కాదు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ! మర్నాటి దినపత్రికను దాచుకున్న ఇళ్ళు మా వైపు తక్కువేం కాదు. అందరూ దాచారు గనుకనే దానికి ధర లేదు. రామ్మూర్తిగారి సర్కసు గోడపత్రికను వాన తడిపింది, ఆవు నమిలింది. ఒక్కటి దొరికితే దానికోసం కొట్టుకుంటారు.

సంతకాలు అమ్మదలచినవారు ముందుగా భూతద్దం ఒకటి సంపాదించండి. అచ్చువేసిన సంతకమైతే చుక్కచుక్కలుగా కనిపించవచ్చు. కలంతో చేసినదైతే సిరా కాగితంలోకి ఇంకి ఉంటుంది. 1936 నాటి సంతకమని చెప్పి బాల్‌పెన్ గీత చూపిస్తే తల అడ్డంగా ఊపండి. ఆ కలాలు బజారులో విరివిగా దొరకడం మొదలైంది రెండో ప్రపంచయుద్ధం ముగిశాకనే. చెద పట్టిందని తుడవకండి, ప్లాస్టిక్ తొడుగులో అతికించకండి. బాగుచెయ్యబోయి పాడుచేసిన కాగితాలు నేను చాలా చూశాను.

అన్నిటికంటె ముఖ్యం, ఆ కాగితం మీ ఇంటికెలా వచ్చిందో ఆ కథ. మామగారు ఏ ఊళ్ళో, ఎవరి ద్వారా సంపాదించారన్నది రాసి ఉంటే, “ఇది అసలుదేనని నమ్మకమేమిటండీ?” అని ధర తగ్గించడం అంత సులభం కాదు. ఆ సంగతి తెలిసిన పెద్దత్తయ్యగారు ఇంకా ఉన్నారు గదా, ఈ ఆదివారమే వెళ్ళి అడిగి రాసుకోండి. వేరే కాగితం మీద రాసి తేదీ వేసి ఆవిడ చేత సంతకం చేయించండి. ఫోటోల వెనక మాత్రం మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా.