హార్మోనియం ఎవరిదనుకున్నారు?

ఐర్లండు జానపద బృందం ‘ది చీఫ్‌టెన్స్’ 1962లో డబ్లిన్‌లో పుట్టింది. ఫిడేలు, వేణువు, మేకతోలు బిగించిన డప్పు... రికార్డు వింటూంటే అచ్చం మన తిరునాళ్ల మేళమే అనిపించింది నాకు!

మనకూ ఉండేదండీ ఓ బృందం. నెల్లూరు హరికథకులు సాంబమూర్తిగారబ్బాయి బాలు, అదే మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, మద్రాసులో నడిపిన పాటకచేరీ ట్రూపు. అందులో మొదట గిటారు, తర్వాత హార్మోనియం వాయించిన కుర్రాడెవరనుకున్నారు? ఇళయరాజా! అన్న భాస్కర్‌ది తాళవాద్యం, తమ్ముడు గంగై అమరన్‌ది గిటారు. 1966 డిసెంబరు 15న బాలు తొలి సినిమా పాట రికార్డయింది. ఇళయరాజా పేరు తెరకెక్కడానికి మాత్రం 1976 దాకా ఆగాల్సొచ్చింది. అన్నాళ్లూ అన్నం పెట్టిందీ, చెయ్యి తిప్పిందీ వాయిద్యమేగా!

ఇప్పుడో? ట్రాకు పెట్టేస్తారు, గాయకుడొక్కడే పాడేసి పోతాడు. మైపాడు బీచిలో కచేరీ పెట్టే అబ్బయలూ, ఈసారి ఓ తబలా కుర్రాణ్ణయినా పిలవండి. వాడి పారితోషికం మీ లైటింగు ఖర్చులో ఎన్నో వంతు?