పేదల లెక్కపై వచ్చిన ధనము

సంపాదకులకు,



మా నగరమునకు ఏటేటా అమెరికా కేంద్రప్రభుత్వము నుండి వచ్చు సామాజికాభివృద్ధి గ్రాంటులో మన తెలుగు సంఘము కూడ నొక భాగము కోరవలెననియు, ఆ ధనముతో ఇచ్చటికి వచ్చియున్న మన తల్లిదండ్రులకు మధ్యాహ్నభోజనము, వాహనసౌకర్యము, యోగశిక్షణము ఏర్పాటు చేయవచ్చుననియు ఒక సోదరుడు వ్రాసిన లేఖను మీ పత్రిక గత సంచికలో శ్రద్ధతో చదివితిని. ఆయన సదుద్దేశమును నేను శంకింపను. కొడుకును కోడలును ఆఫీసులకు పోగా, కారు నడపరాక, మాటాడుటకు తోడు లేక, పగలెల్ల కిటికీ కడ కూర్చుండు వృద్ధుల ఒంటరితనము ఎట్టిదో మన యిండ్లన్నిటికిని తెలిసినదే. అయినను ఆ గ్రాంటులో భాగమడుగుట మనకు న్యాయము కాదని నా దృఢాభిప్రాయము. అది యే లెక్కపై వచ్చుచున్నదో విచారించినచో ఆ సోదరుడును నాతో ఏకీభవించునని నమ్ముచున్నాను.

1974 ఆగస్టు 22వ తేదీన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డు సంతకము చేసిన గృహనిర్మాణ, సామాజికాభివృద్ధి చట్టముతో ఈ గ్రాంటు పుట్టినది. అంతకుముందు నగర పునర్నిర్మాణమునకొకటి, మంచినీటి గొట్టములకు మురుగుకాలువలకు నొకటి, ఖాళీస్థలముల సంరక్షణకు వేరొకటిగా విడివిడిగా నున్న పథకములను ఒక్కటి చేసి, ఏ పనికెంత వెచ్చింపవలెనో స్థానికులే నిర్ణయించుకొనునట్లు ఆ చట్టము ఏర్పాటు చేసినది. కాని నగరమునకు మొత్తము ఎంత రావలెనన్నది మాత్రము ఎవరి ఇష్టాయిష్టములపైనను ఆధారపడక, ఒక సూత్రము చొప్పున తేలును. ఆ సూత్రములో జనసంఖ్యకు నాలుగవ వంతు, పేదరికమునకు సగము, ఇరుకు కాపురములకు, అనగా గదికి ఒకరికంటె నెక్కువమంది నివసించు ఇండ్లకు, మిగిలిన నాలుగవ వంతు ప్రాధాన్యము కలదు. క్షీణించుచున్న పాత నగరములకు అన్యాయము జరుగకుండుటకై 1977లో రెండవ సూత్రమును చేర్చి, అందు 1940కి పూర్వము కట్టిన ఇండ్లకు సగము ప్రాధాన్య మిచ్చిరి. రెంటిలో ఏది ఎక్కువ మొత్తము చూపునో దాని ప్రకారము నగరమునకు ముట్టును. డల్లసు పరిసరములలో నిన్నమొన్న పెరిగిన మావంటి నగరములకు మొదటిదే వర్తించును. ఆ సూత్రములో ముప్పాతిక బరువు పేదరికము పైనను, ఇరుకు పైనను ఉన్నదని పాఠకులు గమనింపవలెను.

ఆ పేదరికము, ఆ ఇరుకు ఉన్నది మన వీథులలో కాదు. మా నగరపు ఉత్తరభాగమున చెరువుల చుట్టును వెలసిన క్రొత్త యిండ్లలో మనవారు సుఖముగా నున్నారు. దక్షిణపు పేటలలో ఏడెనిమిది దశాబ్దముల నాటి చిన్న చెక్కయిండ్లు కలవు. వడగండ్లవాన కురిసిన కొలది వారములకే బీమా సొమ్ముతో మన యింటి కప్పులు మార్చివేయు పనివారు ఆ యిండ్లలోనే కాపురముందురు. వారి యింటికప్పు చిల్లుపడిన చోట నీలిరంగు టార్పాలిను పరచి, గాలికి లేవకుండ దాని అంచులపై ఇటుకలు పేర్చియుండుట నేను చూచితిని. ఒక యింట వీథిమెట్లు కూలిపోగా సిమెంటు దిమ్మలను దొంతిపెట్టి, వాటిపై నుండియే ముసలివారు దిగుచున్నారు. ఆ కప్పు క్రింద ఎందరు తలదాచుకొనుచున్నారో జనాభా లెక్కలలో వ్రాసికొని, ఆ సంఖ్యను బట్టి వాషింగ్టను నుండి పంపిన ధనమును ఉత్తరపు వీథులలో ఖర్చుచేయుట ఏమి ధర్మము?

జనసంఖ్యలో మనమును ఉన్నాము గదా, పౌరసత్వము లేనివారిని కూడ లెక్కించిరి గదా యని కొందరు వాదింపవచ్చును. నిజమే. చట్టము కూడ మనకు అడ్డు తగులదు, నా కలవరమునకు కారణము అదియే. గ్రాంటులో నూటికి డెబ్బది డాలర్లకు తగ్గకుండ అల్ప, మధ్యమాదాయముల వారికి, అనగా ఆ ప్రాంతపు మధ్యస్థాదాయములో నూటికి ఎనుబదికి మించని రాబడి గలవారికి, ఉపకరింపవలెనని నియమము. అయితే వృద్ధులకై ప్రత్యేకముగ నడపు కార్యక్రమమైనచో, వచ్చువారి ఆదాయమును విచారింపకయే వారిలో ఎక్కువమంది ఆ తరగతివారని భావించుటకు నిబంధనలు అంగీకరించుచున్నవి. కాటికి కాళ్ళు చాచుకొన్న పేదలను ఆదాయపత్రముల కొరకు త్రిప్పుట మాన్పిన ఈ వెసులుబాటు గుండా, ఇంజనీర్ల తల్లిదండ్రులైన మనవారు ప్రవేశించుట చట్టమునకు సమ్మతమే కావచ్చును, మనస్సాక్షికి సమ్మతము కాదు.

పైగా ఆ సోదరుడు కోరిన భోజనము, వాహనము, శిక్షణము ప్రజాసేవల క్రిందికి వచ్చును. వీటికి సాధారణముగ గ్రాంటులో నూటికి పదునైదుకు మించి వెచ్చింపరాదు. పది లక్షల డాలర్లు వచ్చిన చోట లక్ష యేబదివేలు మాత్రమే! భర్త కొట్టగా పిల్లలతో బయటికి వచ్చిన స్త్రీల ఆశ్రయము, ఇల్లులేనివారి రాత్రివసతి, పనికి పోవు తల్లుల బిడ్డల సంరక్షణము, ఇవన్నియు ఆ పదునైదులో నుండియే తమ భాగమును పొందవలెను. మనము తీసికొను ప్రతి డాలరును వారికి దక్కకుండ పోవును.

ఇక నగరపాలకులు పంపకమును నిర్ణయించు విధానమును గూర్చి ఒక్కమాట. గడచిన వేసవిలో జరిగిన బహిరంగ విచారణకు నేను పోయితిని. పనిదినము, మధ్యాహ్నము, సిటీ హాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషముల గడువు. మాటాడినవారు ఇంచుమించు అందరును సంస్థల ప్రతినిధులే. దక్షిణపు పేటల నుండి ఒక వృద్ధురాలు మాత్రము వచ్చి తమ వీథిలో దీపములు లేవని స్పానిషులో చెప్పుచుండగా, ప్రక్కన నిలిచిన మనుమరాలు వాక్యమునకొక మారు ఆగి ఇంగ్లీషులో చెప్పెను. గంట మ్రోగునప్పటికి ఆమె చెప్పదలచినదానిలో సగము కూడ ముగియలేదు. ఇంగ్లీషు రానివారు గణనీయముగ వచ్చు అవకాశమున్న చోట వారి అవసరము నెట్లు తీర్తురో నగరము ముందుగనే వ్రాసి ప్రకటింపవలెనని కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. అట్టిచో ఆ మనుమరాలిపై భారము వేయనేల? కూలి మానుకొని మధ్యాహ్నము రాగలవారెందరు? ఎవరి అవసరమును చూపి ధనము తెచ్చితిమో వారే లేని గదిలో పంపకము జరుగుచున్నది.

2026 ఆర్థికసంవత్సరమునకు అధ్యక్షుని బడ్జెటు ఈ గ్రాంటును పూర్తిగ రద్దుచేయవలెనని ప్రతిపాదించినది. ఉన్నదానిని అర్హులకు చేర్చుట ఇట్టి సమయమున మరింత ముఖ్యము.

మన పెద్దలకు చేయవలసినది మనము చేసికొనగలము. ఆట పాటల మహాసభలకు విరాళములు కూర్చుకొనగల సంఘమునకు, వారమునకు రెండు దినములు ఒక వ్యానును, ఒక పూట భోజనమును ఏర్పాటు చేసికొనుట భారము కాదు. అందుకు నా వంతు ఇచ్చుటకు సిద్ధముగ నున్నాను. మీ పాఠకులకు నా మనవి వేరొకటి. వార్షిక ప్రణాళిక ముసాయిదా ప్రకటించిన పిమ్మట ముప్పది దినములు ఎవరైనను అభిప్రాయము పంపవచ్చును. వచ్చిన అభిప్రాయముల సారాంశమును, అంగీకరింపని వానికి కారణములను నగరము తుది ప్రణాళికకు జతచేసి తీరవలెను. కావున మనము వ్రాయు ఉత్తరము బుట్టదాఖలు కాదు. గృహమరమ్మతులకు మొదటి స్థాన మిండని, విచారణను దక్షిణపు పేటలోని బడిలో, సాయంకాలము, దుబాసీని పెట్టి జరుపుడని ఈ యేడు ముసాయిదా వెలువడిన వెంటనే ప్రతి తెలుగు కుటుంబమును ఒక్క ఉత్తరము వ్రాయవలెనని ప్రార్థించుచున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు