మాట మీద ఇల్లు నిలవదు

సొంత ఇల్లు సామాన్య కుటుంబానికి జీవితంలో ఒక్కసారి తీరే కోరిక. ఆటో నడిపే తండ్రి, ఎడారి దేశంలో ఎండకు మాడే కొడుకు, చీటీలు కట్టే తల్లి, మెహర్‌గా వచ్చిన నగలు అమ్మడానికి ఇచ్చిన కోడలు - ఇందరి ఇరవై ఏళ్ల కష్టం ఒక్క సంతకంతో చేయి మారుతుంది. పిల్లకు సంబంధం చూడాలంటే పది ఇళ్లలో వాకబు చేసే మనం, ఇల్లు కొనేటప్పుడు మాత్రం బ్రోకరు రెండు మాటలు చెప్పగానే బయానా చేతిలో పెట్టేస్తున్నాం. "ఈ రోజు ఇవ్వకపోతే రేపు వేరే పార్టీ వస్తుంది" అన్న ఆ ఒక్క మాట ఎన్ని కుటుంబాలను కోర్టు మెట్లు ఎక్కించిందో!

బ్రోకర్లందరూ మోసగాళ్లని మేము అనడం లేదు. మంచి మధ్యవర్తి దొరికితే పని సులువవుతుంది. పేరు వినగానే "ఇల్లు లేదు" అనే వీధులున్న రోజుల్లో, తలుపు తెరిపించగల మనిషి అవసరం మన కుటుంబాలకు మరీ ఎక్కువ. కాని ఆయన ఎవరి మనిషి అన్నది ముందే తేల్చుకోవాలి. అమ్మేవారి దగ్గరా, కొనేవారి దగ్గరా ఇద్దరి దగ్గరా కమీషను తీసుకునే మధ్యవర్తికి బేరం కుదరడమే లాభం. ఆ ఇంటి కాగితాల్లో లోపముంటే నష్టపోయేది కొన్నవాడే. "మనవాడే, మసీదులో మన పక్కనే నిలబడతాడు" అన్నది నమ్మకానికి పనికొస్తుంది కాని, దస్తావేజుకు బదులు కాదు.

2016లో వచ్చిన రెరా చట్టం కొనేవారికి కొన్ని ఆయుధాలు ఇచ్చింది. ఐదు వందల చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించి ఫ్లాట్లతో గాని కట్టి అమ్మే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయనిదే ప్రకటించకూడదు, అమ్మకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. అలాంటి ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేసుకుని, ఆ నంబరును ప్రతి అమ్మకంలో చూపాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పది శాతానికి మించి అడగకూడదు. కొన్నవారి నుంచి వసూలు చేసిన సొమ్ములో డెబ్భై శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. అందుచేత బ్రోకరును మొదట అడగవలసింది ధర కాదు, ఆయన రెరా నంబరు. ఆ తరువాత కమీషను ఎంత, ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

అయితే మనలో చాలామంది కొనేది అపార్ట్‌మెంటు కాదు. పాత బస్తీల్లో అరవై గజాల, వంద గజాల పాత ఇళ్లు. వాటికి రెరా కాపలా ఉండదు. అక్కడే అసలు చిక్కులున్నాయి.

మొదటి చిక్కు వారసులది. ముస్లిం ఇంటి యజమాని చనిపోయిన క్షణాన ఆ ఇంట్లో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు ఎవరి వాటా వారికి ఏర్పడిపోతుంది. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. కొడుకు వాటాలో సగం కూతురికి. పెద్ద కొడుకు ఒక్కడే సంతకం పెట్టి అమ్మితే, ఆయన అమ్మినట్లయ్యేది తన వాటా మాత్రమే. అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్ల సంతకం లేని దస్తావేజు మీద ఇల్లు కొన్నవారు, పదేళ్ల తరువాత ఆ చెల్లెలు పిల్లలతో వచ్చి నిలబడితే ఏం చెబుతారు? అది కోర్టు గొడవ ఒక్కటే కాదు, ఒక ఆడబిడ్డ హక్కు మీద మనం కాపురం పెట్టినట్లు.

రెండవది హిబా. ముస్లిం వ్యక్తి తన ఇంటిని నోటిమాటగా దానం చేయవచ్చు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకునేవారు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం - ఈ మూడూ జరిగితే రిజిస్ట్రేషను లేకపోయినా అది చెల్లుతుందని, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వెళ్లిన అప్పీలులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఏమిటి? బ్రోకరు చూపే ఇ.సి. శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఇల్లు శుభ్రమైనట్లు కాదు. నోటిమాట హిబా గాని, వారసుల వాటాలు గాని ఇ.సి.లో కనిపించవు. పైగా ఆన్‌లైనులో దొరికే ఇ.సి. 1983 నుంచే మొదలవుతుంది. అంతకు ముందరి సంగతికి సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటికి వెళ్లి, ఎవరు ఉంటున్నారు, ఏ హక్కుతో ఉంటున్నారు అని ఇరుగుపొరుగును అడగాలి. అమ్మేవారి కుటుంబంలోని స్త్రీలతో మన ఇంటి స్త్రీలు మాట్లాడితే, బ్రోకరు చెప్పని విషయాలు అరగంటలో తెలుస్తాయి.

మూడవది వక్ఫ్. మసీదు, దర్గా, ఖబ్రస్తాన్, ఆషూర్‌ఖానాల పేర ఉన్న భూమిని అమ్మడం మొదటి నుంచీ చెల్లనిదేనని 2013 సవరణతో చట్టంలోనే రాశారు. ముతవల్లీ సంతకం పెట్టినా చెల్లదు. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషను శాఖలూ నిషేధిత ఆస్తుల జాబితాను ఆన్‌లైనులో చూసుకునే వీలు కల్పించాయి. సర్వే నంబరుతో అక్కడ వెతకాలి, వక్ఫ్ బోర్డులోనూ విచారించాలి. పూర్వీకులు దైవమార్గంలో ఇచ్చిన భూమిని తెలియక కొని పోగొట్టుకోవడం దురదృష్టం. తెలిసి కొనడం మరేమవుతుందో పాఠకులే ఆలోచించాలి.

నాల్గవది నోటరీ కాగితం. "ఈ బస్తీలో అందరివీ నోటరీలే" అని బ్రోకరు ధైర్యం చెబుతాడు. వంద రూపాయలు దాటిన స్థిరాస్తి రిజిస్టరు దస్తావేజు లేకుండా కొన్నవారిది కాదు. జి.పి.ఎ. మీద, ఒట్టి ఒప్పందం మీద ఇల్లు చేతులు మారదని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రిజిస్ట్రేషను ఖర్చు మిగిలిందని సంతోషించేవారు, ఇల్లు తమది కాలేదని మరచిపోతున్నారు.

గల్ఫ్‌లో ఉన్న సోదరులకు మరొక మాట. డబ్బు మీరు పంపుతారు, ఇల్లు ఇక్కడున్న తమ్ముడి పేర రిజిస్టరవుతుంది. బేనామీ చట్టం భార్య పేర, పిల్లల పేర మన లెక్కకు అందే సొమ్ముతో కొనడాన్ని ఒప్పుకుంటుంది. తమ్ముడి పేర కొంటే మాత్రం దస్తావేజులో మీ పేరు కూడా కలిసి ఉండాలి. లేకుంటే రేపు "అది నా ఇల్లు" అనే హక్కు మీకు మిగలదు. తమ్ముడు మంచివాడే కావచ్చు. ఆయన తరువాత ఆయన పిల్లలకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

వడ్డీకి దూరంగా ఉండాలని బ్యాంకు గడప తొక్కని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ నిష్ఠను మేము గౌరవిస్తున్నాం. కాని దాన్నే ఎరగా వాడుకునేవారు ఉన్నారు. "వడ్డీ లేని వాయిదాలు, ప్రీ-లాంచ్ ధర, మొత్తం ఇప్పుడే కడితే సగానికే" అంటారు. అనుమతి రాని, రెరా నంబరు లేని నేల మీద ఫ్లాటు ఇంకా ఆకాశంలోనే ఉంది. బ్యాంకు అప్పు తీసుకునేవారి కాగితాలను బ్యాంకు లాయరైనా ఒకసారి చూస్తాడు. నగదుతో కొనేవారికి ఆ చూపు కూడా ఉండదు. కనుక అప్పు తీసుకోనివారే స్వంతంగా ఒక లాయరుకు ఫీజు ఇచ్చి లింకు దస్తావేజులన్నీ చూపించాలి. ఆ లాయరును బ్రోకరు తీసుకురాకూడదు.

ఇన్ని అడిగితే ఎదుటివారు నొచ్చుకుంటారేమోనని మన పెద్దలు మొహమాటపడతారు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది లావాదేవీని రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి వచ్చింది. రాసుకోమనడం అనుమానం కాదని, ఇద్దరికీ మేలని అది మనకు నేర్పుతోంది. లోపం దాచి వస్తువు అమ్మడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) బోధించారు. ఇది అమ్మేవారికి ఎంత వర్తిస్తుందో, నడుమ నిలబడి కమీషను తీసుకునే మన సోదరులకూ అంతే వర్తిస్తుంది.

బయానా ఇచ్చే ముందు ఒక్క వారం ఆగండి. ఆ వారంలో చేజారే ఇల్లు ఉంటే ఉండవచ్చు. వెతికితే మరొకటి దొరుకుతుంది. ఇరవై ఏళ్ల కష్టం మాత్రం మళ్లీ దొరకదు.