కట్టిచ్చిన ఇల్లు, కట్టుకున్న ఇల్లు

పేదలకు సొంతిల్లు అనగానే తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వమైనా, ప్రతిపక్షమైనా, పత్రికలైనా లెక్కపెట్టేది తాళంచెవులనే. ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని గృహప్రవేశాలు జరిగాయి అన్నవాటి చుట్టూనే వాదమంతా తిరుగుతుంది. ఈ లెక్క వెనక ఒక నమ్మకం స్థిరపడి ఉంది. కూలికి పోయే కుటుంబం బజారు ధరకు ఇల్లు కొనలేదు. బ్యాంకు దానికి అప్పివ్వదు. కాబట్టి ప్రభుత్వమే పక్కా ఇల్లు పూర్తిగా కట్టి చేతిలో పెట్టాలి, అంతకు తక్కువ ఏదిచ్చినా అన్యాయమే. మొదటి రెండు మాటలూ నిజం. మూడోది ఆ రెంటినుంచి పుట్టదు. కొనలేనివాళ్లంతా కట్టుకోలేనివాళ్లే అన్న తప్పు ఊహ మీద అది నిలబడింది.

అసలు కొరత ఎక్కడుందో ముందు చూడాలి. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం దేశంలోని పట్టణాల్లో ఇళ్ల కొరతను 1 కోటి 88 లక్షలుగా తేల్చింది. అందులో 95 శాతానికి పైగా తక్కువ ఆదాయ వర్గాలదే. ఈ అంకెను అందరూ ఉటంకిస్తారు గాని దాని కడుపులో ఏముందో చెప్పరు. తలదాచుకునే చోటే లేనివాళ్ల వాటా అందులో 5 లక్షల పైచిలుకు మాత్రమే. దాదాపు కోటిన్నర కుటుంబాలకు ఇల్లంటూ ఉంది, చాలనిదల్లా జాగా. కొడుకుకు పెళ్లయినా కొత్త జంటకు విడిగా గది లేని ఇళ్లు అవి. ఒక ఏడాది ముందే, 2011 జనాభా లెక్కల్లో, పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఒక గదో, స్లాబో, మరుగుదొడ్డో కావలసిన కుటుంబానికి ఉన్నచోటు వదిలించి, ఇరవై కిలోమీటర్ల అవతల మొత్తం ఇల్లు ఇవ్వజూపడం వైద్యం ఒకచోట, రోగం ఒకచోట అన్నట్టే ఉంటుంది.

ఇరవై కిలోమీటర్లు అనడం అతిశయోక్తి కాదు. కట్టిచ్చే పద్ధతిలో ఇల్లు ఊరవతలికి పోవడం దాదాపు అనివార్యం. వందలాది, వేలాది ఇళ్లకు ఒకేచోట స్థలం కావాలి. అంత స్థలం చవగ్గా దొరికేది నగరం అంచునే. తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ పథకం ప్రయాణమే దీనికి సాక్ష్యం. పథకానికి పేరు తెచ్చింది సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీ. అక్కడున్న బస్తీవాళ్లకే, అదే చోట, 396 ఇళ్లు కట్టారు. పని, బడి, బంధువులు, అరువిచ్చే కిరాణా కొట్టు ఏవీ దూరం కాలేదు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో పథకం పెద్దదై చివరికి చేరింది కొల్లూరుకు. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, ఒకేచోట 15,660 ఇళ్లు. 2023 జూన్‌లో ప్రారంభించారు. 560 చదరపు అడుగుల ఆ ఇళ్ల నాణ్యత మీద ఇక్కడ వాదం లేదు. పాతబస్తీలో నాలుగిళ్లలో పనిచేసే మనిషికి కొల్లూరులో వచ్చిన ఇల్లు, ఆ నాలుగిళ్ల పనికి చెల్లుచీటీ కూడా. ఐడీహెచ్‌ను చూపించి కొల్లూరు కట్టారన్న సంగతి ఇళ్ల సంఖ్య మీద సాగే చర్చలో ఎక్కడా కనిపించదు.

దూరపు ఇల్లు ఏం చేస్తుందో ఊహించనవసరం లేదు, అహ్మదాబాద్‌లో కొలిచి చూశారు. అక్కడ 1987లో బీడీలు చుట్టే మహిళలకు ఊరి చివర, పన్నెండు కిలోమీటర్ల దూరంలో, లాటరీ తీసి రాయితీ ఇళ్లు కేటాయించారు. ఇల్లు వచ్చినవాళ్ల జీవితం, రానివాళ్ల జీవితం పధ్నాలుగేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో పరిశోధకులు పోల్చారు. గెలిచినవాళ్లలో 34 శాతం అసలు ఆ ఇంట్లో చేరలేదు. మరో 32 శాతం చేరి, ఉండలేక వెనక్కి వచ్చేశారు. ఉండిపోయినవాళ్ల ఇల్లు మెరుగైంది, నిజమే. ఆదాయం పెరగలేదు, పిల్లల చదువులు మారలేదు. అన్నిటికన్నా ముఖ్యం, కష్టకాలంలో చేయి అందించే మనుషులు దూరమయ్యారు. ఉచితంగానో చవగ్గానో ఇల్లొచ్చినా మూడింట రెండు వంతుల మంది వద్దనుకున్నారంటే వాళ్లకు లెక్క తెలియక కాదు. రోజూ బస్సు ఛార్జీ, పోయిన గంటలు, చేజారిన పని కలిపి చూసుకున్నాకే వద్దనుకున్నారు.

లాటరీ ఇళ్ల మీద ముంబయిలో జరిగిన మరో అధ్యయనం ఇందుకు విరుద్ధమైన ఫలితం చూపింది, దాన్ని దాచడం న్యాయం కాదు. అక్కడ గెలిచిన కుటుంబాల్లో చదువులూ, ఉద్యోగాలూ మెరుగుపడ్డాయి. అయితే ఆ ఇళ్లను అద్దెకిచ్చుకునే వీలుంది, గడువు దాటాక అమ్ముకునే వీలుంది. చాలామంది అద్దెకిచ్చి తమకు అనువైనచోటే ఉండిపోయారు. వాళ్లకు ఉపకరించింది ఇల్లు ఆస్తి కావడం. తెలుగు నాట అధికారులు ఇంటింటికీ తిరిగి, లబ్ధిదారు కాక అద్దెవాళ్లుంటే నోటీసిచ్చే పని సరిగ్గా ఆ మేలునే నరికేస్తుంది.

కట్టిచ్చే పద్ధతికి ఉచితం అన్న పేరున్నా ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. నగరంలో బహుళ అంతస్తుల డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి, స్థలం విలువ కలపకుండానే, ఏడెనిమిది లక్షలయ్యింది. అంత ఖరీదైనది అందరికీ ఇవ్వలేరు గనుక లాటరీ తప్పదు. లాటరీలో పేరు రానివాడికి దక్కేది వచ్చే ఎన్నికల మాట. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే అపార్ట్‌మెంట్ ఇళ్ల విషయంలో మరో దారి పట్టారు. 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. పెద్ద రకాలకు లబ్ధిదారు పేర మూడు లక్షల పైన బ్యాంకు అప్పు. అపార్ట్‌మెంట్ అన్నాక గోడ, మెట్లు, నీళ్లు, మురుగు అన్నీ పూర్తయితే తప్ప ఎవరూ చేరలేరు. ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి, అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. చాలాచోట్ల తాళంచెవికన్నా బ్యాంకు నోటీసు ముందొచ్చింది. అప్పు తీసుకున్నవాడి చేతిలో పని వేగం లేనప్పుడు జరిగేది అదే.

ఇల్లు కాక స్థలం ఇచ్చిన చోట ఫలితం బాగుండాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో 30 లక్షలకు పైగా ఇంటి పట్టాల పంపిణీ మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48.4 చదరపు గజాలు. ఆలోచన సగం సరైనది: పట్టా ఇంటి ఆడవాళ్ల పేర ఇచ్చారు, లక్షా ఎనభై వేల సాయం చేశారు, పొదుపు సంఘాల ద్వారా పావలా వడ్డీకి 35 వేల అప్పు ఇప్పించారు. చెడిన సగం కూడా చిన్నది కాదు. చాలా లేఅవుట్లు ఊరికి దూరంగా, కొన్ని పల్లపు భూముల్లో వేశారు. రోడ్డూ, నీళ్లూ, కరెంటూ రాకముందే ఇల్లు మొదలుపెట్టమని ఒత్తిడి చేశారు. ఎన్నో కాలనీలు బేస్‌మెంట్ లెవల్ దగ్గరే ఆగాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు అంది. ఒకటా, రెండా, మూడా అన్న పోటీలో ఎక్కడ అన్నది ఇంకా ఎవరి నోటా రాలేదు. పనికి నడిచిపోయే దూరంలో ఉన్న ఒక సెంటు, ఆటో ఎక్కి, బస్సు మారి చేరే మూడు సెంట్లకన్నా విలువైనది.

పేదలు ఇల్లు కట్టుకునే తీరు ఇంజినీరింగ్ శాఖకు నచ్చదు. మొదట తాటాకో, రేకులో వేస్తారు. చిట్టీ పాడినప్పుడు ఇటుక గోడ లేస్తుంది. డ్వాక్రా అప్పుతో గచ్చు, మరుగుదొడ్డి. కూతురి పెళ్లికి ఆగుతుంది. మళ్లీ నాలుగేళ్లకు స్లాబు పడుతుంది. స్లాబు మీదికి ఇనుప చువ్వలు వదిలేస్తారు, పైన మరో గది లేపి అద్దెకివ్వాలని. పదిహేనేళ్లు పట్టే ఈ నిర్మాణం బయటివాడికి అసంపూర్తిగా కనిపిస్తుంది. నిజానికి తీర్చగలిగినదానికి మించి ఎక్కడా అప్పు చేయకుండా, ప్రతి దశలోనూ అందులో కాపురం చేస్తూ కట్టే ఇల్లు ఇది. ఇందులో నిర్మాణ లోపాలుండవని కాదు. పునాది చాలక మూడో అంతస్తు ప్రమాదమయ్యే ఇళ్లున్నాయి. దానికి కావలసింది మేస్త్రికి దారి చూపే ఇంజినీరు.

ఇలా కట్టుకోనిస్తే మురికివాడలే మిగులుతాయన్నది బలంగా వినిపించే అభ్యంతరం. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బి.వి. దోషి 1980లలో రూపకల్పన చేసిన అరణ్య కాలనీ దానికి ఒక జవాబు. దాదాపు 6,500 ప్లాట్లు. అతి చిన్నవి సుమారు 35 చదరపు మీటర్లు. పేదల ప్లాట్లలో పునాది, నీటి కుళాయి, మరుగుదొడ్డి ఉన్న భాగం మాత్రం ఇచ్చి మిగతాది కుటుంబాలకే వదిలేశారు. పెద్ద ప్లాట్లు బజారు ధరకు అమ్మిన డబ్బు పేదల ప్లాట్లకు సాయపడింది. 1995లో ఆగాఖాన్ బహుమతి వచ్చింది. మద్రాసులో ప్రపంచ బ్యాంకు రుణంతో 1970ల చివర మొదలైన అరుంబాక్కం, విల్లివాక్కం లేఅవుట్లదీ అదే పద్ధతి. జనం నెమ్మదిగా చేరుతున్నారని అప్పట్లో వాటిని విఫలమన్నారు, ప్రపంచ బ్యాంకు ఆ పద్ధతినే పక్కన పెట్టింది. రెండు దశాబ్దాల తర్వాత ఆ బ్యాంకు పరిశోధకులే వెళ్లి చూస్తే అవి నగరంలో కలిసిపోయిన నిండు పేటలై ఉన్నాయి. తీర్పు తొందరపడి ఇచ్చారు.

హైదరాబాద్‌కు ఇది పరాయి అనుభవం కాదు. 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి కార్యక్రమం కింద, 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో, బస్తీలను కదపకుండానే రోడ్లు, నీళ్లు, మురుగు కాలువలు వేశారు, పట్టాలిచ్చారు, ఇల్లు ఎవరిది వారే కట్టుకున్నారు. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో అదే దారిలో ఒక అడుగు. ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇల్లు వేసుకుని ఉంటున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ దాని సారం. మొదట 2014 జూన్ 2గా ఉన్న గడువు తేదీని తర్వాత 2020 జూన్ 2కు జరిపారు. కొత్తగా ఒక్క ఇటుక కూడా పేర్చకుండా ఒక కుటుంబాన్ని సొంతింటిదాన్ని చేయగల కాగితం అది. అయినా ఏ పార్టీ పోస్టర్‌లోనూ 58వ జీవో కనిపించదు, శంకుస్థాపన చేయడానికి రాయి ఉండదు కాబట్టి. ఒడిశా మరింత ముందుకెళ్లింది. 2017లో చేసిన చట్టంతో చిన్న పట్టణాల బస్తీవాసులకు భూమి హక్కు ఇచ్చింది. ఆ హక్కు వారసులకు వస్తుంది, బ్యాంకులో తాకట్టుకూ పనికొస్తుంది.

తాకట్టు అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే కొనుక్కునే దారి ఇక్కడే మూసుకుపోతోంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం బలహీన వర్గం కిందికి వస్తుంది, అంటే నెలకు పాతిక వేలు. అందులో మూడో వంతు, ఎనిమిది వేలు, వాయిదా కట్టగలదనుకుందాం. 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు ఆ వాయిదా మీద దాదాపు 8.9 లక్షల అప్పు పుడుతుంది. జీతం స్లిప్పు, ఐటీ రిటర్న్ లేని పండ్ల బండి వ్యాపారిని బ్యాంకు తిప్పి పంపిస్తే అతను చేరేది చిన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి. అక్కడ 14 శాతమైతే అదే వాయిదాకు 6.4 లక్షలే వస్తుంది. రెండున్నర లక్షల తేడా. కేంద్రం 2022 వరకు వడ్డీ రాయితీగా ఇచ్చిన సొమ్ము దాదాపు ఈ తేడాకే సరిపోయేది, అదీ అప్పు దొరికినవాడికి. మరోవైపు జీఎస్టీ లెక్కలో ‘అందుబాటు ధర’ ఇంటికి పరిమితి 45 లక్షలు. పాతిక వేల కుటుంబానికి అది తిండీ గుడ్డా మాని పోగేసినా పదిహేనేళ్ల సంపాదన. రాయితీ ఇస్తే బజారే చూసుకుంటుందనే వాళ్ల వాదం అక్కడితో సరి.

పేద కుటుంబానికి ఒక్కసారిగా తొమ్మిది లక్షలు అక్కర్లేదు. రెండు లక్షలు, ఐదేళ్లలో తీరేలా, స్లాబుకు. అది తీరాక మరో రెండు లక్షలు, పై గదికి. పొదుపు సంఘంలో ఏళ్ల తరబడి వాయిదాలు కట్టిన పుస్తకమే ఆదాయ పత్రం కావాలి. 2015 నాటి కేంద్ర పథకం నిబంధనల్లో, అప్పటికే ఉన్న ఇంటికి గది, వంటిల్లు కలుపుకోవడానికి అప్పులో వడ్డీ రాయితీ, సాయం రెండూ ఉండేవి. వాటి గురించి తెలిసినవాళ్లు అరుదు. 2024లో తెలంగాణ తెచ్చిన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్నవాళ్లకు ఐదు లక్షలిచ్చి వాళ్లనే కట్టుకోమంది. కట్టిచ్చే పద్ధతినుంచి అది మంచి మలుపే. కాని మొదటి బిల్లు బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. ఆ బేస్‌మెంట్‌కు డబ్బు లేని కుటుంబం నూటికి మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తాలి, లేదా అర్హత ఉండీ ఆగిపోవాలి.

రిజిస్ట్రేషన్ ఖర్చు సంగతి క్లుప్తంగా. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిసి ఏడున్నర శాతం. తెలంగాణలో 2021 వరకు ఆరు. పది లక్షల ఇంటికి 75 వేలు, నెలకు ఎనిమిది వేలు కట్టగల పై కుటుంబానికి తొమ్మిది నెలల వాయిదాకు మించి. ఆ భారంతోనే పేదలు నోటరీ కాగితాల మీద కొంటారు; ఆ కాగితంతో ఏ బ్యాంకూ అప్పివ్వదు. మొదటి చిన్న ఇంటికి సుంకం ఎత్తేస్తే ఖజానాకు పోయేది పెద్దగా ఉండదు.

చివరి అభ్యంతరం, హక్కు పూర్తిగా ఇస్తే అమ్ముకుంటారన్నది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఈ భయంతోనే పుట్టింది. పేదల భూమి పెద్దల పాలు కాకుండా ఆపాలన్న ఉద్దేశం మంచిదే. ఇంటి స్థలం విషయంలో అది ఆపింది చట్టబద్ధమైన అమ్మకాన్ని మాత్రమే. అమ్మకాలు తెల్లకాగితాల మీద, సగం ధరకు జరుగుతూనే వచ్చాయి. నష్టపోయింది అమ్మిన పేదవాడే. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ ఇంటి స్థలాలకు మొదట ఇరవై ఏళ్ల గడువు పెట్టి, ఆపైన దాన్ని పదేళ్లకు తగ్గించి అమ్మకానికి దారి తెరిచింది. ఆస్పత్రి ఖర్చుకో, కొడుకు ఉద్యోగం ఉన్న ఊరికి మారడానికో ఇల్లు అమ్ముకోవడం మధ్యతరగతిలో ప్రణాళిక అనిపించుకుంటుంది. పేదవాడు చేస్తే అది దుర్వినియోగం.

కట్టిచ్చిన ఇల్లు తప్పనివాళ్లు కొందరుంటారు. నాలాల మీద, చెరువు గర్భంలో, రైలు పట్టాల పక్కన ఉన్నవాళ్లకు ఉన్నచోట పట్టా ఇవ్వలేరు. ఎవరూ లేని వృద్ధులు, వికలాంగులు ఇల్లు మొదలుపెట్టి పదిహేనేళ్లు కట్టలేరు. 2024లో మూసీ నదీగర్భంలోని కుటుంబాలను తరలించినప్పుడు సిద్ధంగా ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లే అక్కరకొచ్చాయి. ప్రభుత్వం కట్టే ఇళ్లు ఇలాంటివాళ్లకు కేటాయిస్తే లాటరీ అవసరం ఉండదు. సంఖ్య తక్కువ గనుక హైదరాబాద్‌లోని పిల్లిగుడిసెల బస్తీలో కట్టినట్టు నగరం లోపలే, చిన్న చిన్న జాగాల్లో, రెండు మూడు వందల ఇళ్ల చొప్పున కట్టవచ్చు.